గొంగడి మీది చెయ్యి

దుబ్బగట్టు కురుమలు బుచ్చయ్య దుకాణంలో ఉద్దెరకు సామాను తెచ్చుకుంటే వేలిముద్ర వేసే రివాజు లేదు. సామాను తూచినాక కురుమాయన తన భుజం మీది గొంగడిని మడతపెట్టి దుకాణం అరుగు మీద పరుస్తాడు. దాని మీద చెయ్యి పెట్టి, కులదేవుడి పేరున "బీరప్ప ఎరుక" అంటాడు. అంతే. బుచ్చయ్య ఖాతాలో రాసుకుంటాడు. ఉన్ని కత్తిరించినప్పుడో, పొట్టేళ్ళు సంతలో అమ్ముడుపోయినప్పుడో బాకీ తెంపుతారు. బుచ్చయ్య తండ్రి నాటి నుంచీ ఇదే పద్ధతి. గొంగడి మీద చెయ్యి ఉండగా అబద్ధమాడితే మందకు గాలికుంటు తెగులు తగిలి దొడ్డి ఉత్తదైపోతుందని కురుమల నమ్మకం. వాళ్ళు అట్లా నమ్ముతారన్నది బుచ్చయ్య నమ్మకం. చెయ్యి ఎత్తి అన్న మాట మాత్రం మాట కిందికి రాదు. బేరాలాడేటప్పుడు, పరాచికాలాడేటప్పుడు చెయ్యి ఎత్తేసి ఎన్ని కోతలైనా కోస్తారు, ఎవరూ పట్టించుకోరు.

దుబ్బగట్టు కురుమ గుర్వయ్య చనిపోయిన మూడో ఏడు, ఆ రివాజే అతని భార్య బీరమ్మను రామన్నపేట మున్సిఫ్ కోర్టు మెట్లెక్కించింది.

బాకీ గుర్వయ్య చేసిందే. రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్న ఎండాకాలం అది. రాచకొండ గుట్టల్లో కమ్యూనిస్టుల దళం ఉండేది. గుర్వయ్య తమ్ముడు బీరన్న ఆ దళంలో చేరాడు. మందను గుట్ట దిక్కు మేతకు తోలిన ప్రతిసారీ గుర్వయ్య గాడిద మీద గొంగళ్ళ కింద జొన్నలు, ఉప్పు, బెల్లం, గ్యాసునూనె, ముతక బట్ట, బీడీ కట్టలు దాచి తీసుకుపోయేవాడు. తిరిగొచ్చేటప్పుడు గాడిద ఉత్త వీపుతో వచ్చేది. ఆ సామానంతా బుచ్చయ్య దుకాణానిదే, గుర్వయ్య ఖాతా మీదే.

బుచ్చయ్యకు తెలియదా అంటే, తెలుసు. గుర్వయ్య ఇంట్లో ఉన్నది తానూ, బీరమ్మా, తల్లి ఈదమ్మా. పిల్లలు పుట్టి నిలవలేదు. ముగ్గురు మనుషులకు అన్ని జొన్నలెందుకని అనుమానం రానివాడు దుకాణం పెట్టుకోడు. కాని ఆయన ఏనాడూ నోరు తెరిచి అడగలేదు. దళమంటే భయం ఉంది. తన బావమరిదిని రజాకార్లు కచ్చీరు ముందర కట్టేసి కొట్టారన్న మంటా ఉంది. ఏది ఎంతపాలో ఆయనకే తెలియదు. తూచేవాడు, రాసుకునేవాడు, "జర జల్ది తెంపు గుర్వయ్యా" అనేవాడు.

తెంపే దాకా గుర్వయ్య బతకలేదు. శ్రావణంలో రజాకార్లు దుబ్బగట్టు మీద పడి ఇళ్ళు కాల్చారు, గుర్వయ్యను దొడ్డి కాడ కాల్చి చంపారు. అదే రోజు బుచ్చయ్య దుకాణం తలుపులు పగలగొట్టి సరుకంతా బండ్లకెత్తుకుపోయారు, ఖాతా పుస్తకాన్ని మాత్రం వదిలేశారు. ఆ తర్వాత నెల తిరగకుండానే యూనియన్ పటాలాలు వచ్చాయి, నిజాం లొంగిపోయాడు. పీడ విరగడైందని ఊరు ఊపిరి పీల్చుకుంది. కాని గుట్టల మీద వేట ఆగలేదు. వేటాడేవాళ్ళు మారారు, అంతే. దళానికి బువ్వ పెట్టినవాళ్ళనూ, సామాను మోసినవాళ్ళనూ పట్టి క్యాంపులకు తీసుకుపోతున్నారు. పోయినవాళ్ళలో కొందరు తిరిగి రాలేదు.

బీరన్న ఒక మునిమాపు గుట్ట దిగి వచ్చాడు. తల్లి కాళ్ళు పట్టుకున్నాడు. అన్న చచ్చిన జాగాలో కాసేపు కూచున్నాడు. బీరమ్మ కాపురానికి వచ్చేనాటికి వాడు ముక్కు కారే పోరడు. తన చేత్తో బువ్వ తినిపించి పెంచింది. ఆమె వాడిని షాద్‌నగర్ దిక్కు తన మేనమామ మందకు పంపేసింది. అక్కడ వాడికి వేరే పేరు. ఊళ్ళో మాత్రం బొంబాయి మిల్లుకు పోయాడని చెప్పారు, పోలీసు పటేలూ అదే రాసుకున్నాడు. అసలు సంగతి ఎరిగినవాళ్ళు అత్తాకోడళ్ళు, కులపెద్ద లింగయ్య. అంతే.

ఇంటికి మిగిలిన ఆధారం ఆ మంద. బీరమ్మే మొలకు తువ్వాల బిగించి, కర్ర పట్టి మేపుకొచ్చేది. ఆడది మంద తోలుడేందని నవ్వినవాళ్ళు కొన్నాళ్ళకు నవ్వడం మానేశారు.

బుచ్చయ్య ఊరికే కోర్టుకు పోలేదు. ముందు ఇంటికే వచ్చాడు. వాకిట్లో నిలబడి, చెప్పులు విడిచి, నేల చూపులు చూస్తూ తన కష్టం చెప్పుకున్నాడు. పట్నం బేగంబజార్‌లో తనకు సరుకిచ్చిన పెద్ద షావుకారు ఊపిరాడనిస్తలేడట. ఉన్న ఇల్లు ఆయన దగ్గర కుదువలో ఉందట. ఈదమ్మ అతని మాట పూర్తి కానివ్వలేదు.

"నా కొడుకు దినాలు పెట్టిన వాకిలి ఇది. గీడికొచ్చి ఉప్పు పైసలు అడుగుతవా? వాడు పాణమే తెంపిండు గదా, గది సాలలేదా నీకు?"

బుచ్చయ్య చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. రెండోసారి వచ్చినప్పుడు బీరమ్మతోనే మాట్లాడాడు. "మూడేండ్లయితే దావా ఏసే మియాదు పోతది బిడ్డా. మియాదు పోతే నేను అడిగినా ఒకటే, అడగకపోయినా ఒకటే. నీ మీద కోపంతోని కాదు" అన్నాడు. చూద్దాం సావుకారీ అంది బీరమ్మ. చూద్దామనడం తప్ప ఆమె దగ్గర మరేమీ లేదు. మందంతా అమ్మితే గాని ఆ బాకీ తీరదు.

ఆ మాఘంలో కోర్టు కాగితం వచ్చింది.

లింగయ్య ఆమెను వామనరావు వకీలు దగ్గరికి తోలుకుపోయాడు. వామనరావు మంచివాడే. విధవరాలి దగ్గర ఫీజు తర్వాత చూద్దామన్నాడు. కాగితం చూసి, వేలిముద్ర లేదు, దస్కతు లేదు, సాక్షి లేడు, తన పుస్తకంలో తానే రాసుకున్న రాత తప్ప వాదికి ఆధారమే లేదు, భయపడకమ్మా అన్నాడు. తర్వాత పద్దులు ఒక్కొక్కటే చదివి ఏవేవో అడిగాడు. గుర్వయ్య బీడీలు తాగేవాడా అని అడిగాడు. లేదు సాబ్, చుట్ట తాగేటోడు, బీడీ ముట్టకపోతుండె అని ఆమె ఉన్నమాట చెప్పింది. వకీలు చిన్నగా నవ్వుకుని ఏదో రాసుకున్నాడు. ఆ నవ్వు ఎందుకో ఆమెకు అప్పుడు తెలియలేదు.

పేషీ నాడు ఎండ పొద్దున్నే చురుక్కుమంది. కోర్టులో మాటలు ఉర్దూలో నడుస్తున్నాయి. మున్సిఫ్ సాబ్ అడిగింది పేష్కారు తెలుగులో చెబుతున్నాడు, తెలుగులో చెప్పింది ఉర్దూలో అందిస్తున్నాడు. తన మంద పోవడమో ఉండడమో తనకు రాని భాషలో తేలుతుంటే బీరమ్మ గోడకు ఆనుకుని నిలబడి చూసింది. వెనక బల్ల మీద ఖాకీ బట్టల్లో ఒకాయన కూచున్నాడు. మద్రాసు దిక్కు నుంచి వచ్చిన పోలీసు ఆఫీసరని, వేరే కేసు కోసం వచ్చాడని లింగయ్య చెవిలో చెప్పాడు. ఆ ఆఫీసరుకు తెలుగు వచ్చు. పేష్కారుతో పని లేదు.

ముందు బుచ్చయ్యను నిలబెట్టారు. సామాను ఇచ్చానన్నాడు. అంతా ఇంటి ఖర్చుకేనా అంటే, ఇంటికేనన్నాడు. అంతకంటే వేరే ఏమన్నా ఆయన మెడకూ ఉచ్చు పడుతుంది. రుజువేమిటని వామనరావు నిలదీశాడు. బుచ్చయ్య తడబడ్డాడు. తర్వాత మున్సిఫ్ దిక్కు తిరిగి చేతులు జోడించాడు.

"రుజువు లేదు సర్కార్. కురుమల తోని మాకు గొంగడే రుజువు. ఆమెను గొంగడి మీద చెయ్యి పెట్టి చెప్పుమనుండ్రి. బాకీ లేదంటే గీ నిమిషమే దావా ఇడిసిపెడ్త."

అతని వకీలు తల పట్టుకున్నాడు. మున్సిఫ్ సాబ్ పేష్కారును రెండుసార్లు అడిగి అర్థం చేసుకుని, ముసిముసిగా నవ్వి, వాళ్ళ ప్రమాణం వాళ్ళను చేయనివ్వండి అన్నాడు. వామనరావు ఒప్పుకున్నాడు. పైగా సంబరపడ్డాడు. ఈమె అబద్ధమాడదని అవతలివాళ్ళే ఒప్పుకుంటున్నప్పుడు ఆయనకు కావలసిందేముంది?

లింగయ్య తన గొంగడి తీసి బల్ల మీద పరిచాడు. పంచె కొంగున ఎప్పుడూ కట్టుకుని ఉండే బండారు పసుపు చిటికెడు దాని మీద చల్లాడు. కాగితాల వాసన వేసే ఆ గదిలో ఒక్కసారిగా ఉన్ని వాసన, పసుపు వాసన లేచాయి. బీరమ్మ కుడిచెయ్యి గొంగడి మీద పెట్టింది. లోపల ఒకటే అనుకుంది: తెచ్చినం, తీరుస్తమంటే మంద పోతుంది. తేలేదంటే మందకు తెగులొస్తుంది. ఏదైనా మందే.

కాని వామనరావు ఆ ప్రశ్న అడగలేదు.

"అమ్మా, గీ పద్దుల కట్టలకు కట్టలు బీడీలున్నయి. నీ పెనిమిటి బీడీలు తాగేటోడా?"

ఆ రోజు వకీలు నవ్విన నవ్వు బీరమ్మకు ఇప్పుడు అర్థమైంది. తాగేవాడు కాదని ఉన్నమాట చెబితే చాలు, ఖాతా తప్పని తేలిపోతుంది, దావా కొట్టేస్తారు, మంద మిగులుతుంది. గొంగడి మీద ఆడిన మాటకు దోషమూ లేదు. నోటి దాకా వచ్చింది.

అంతలో వెనక బల్ల మీది ఖాకీ ఆఫీసరు చదువుతున్న కాగితం మీంచి తల ఎత్తాడు.

ఆమె బుచ్చయ్య దిక్కు చూసింది. ఆయన మొహం మీద చెమట పట్టింది. ఆయనకూ అర్థమైంది. గుర్వయ్య తాగకపోతే ఆ బీడీలు తాగిందెవరు? ఆ జొన్నలు తిన్నదెవరు? ఇచ్చినవాడు ఎందుకిచ్చాడు? మోసినవాడు చచ్చిపోయాడు సరే, వాడి తమ్ముడు బొంబాయిలో ఏ మిల్లులో ఉన్నాడు? ఒక బీడీ కట్ట విప్పితే ఊరంతా విప్పబడుతుంది. షాద్‌నగర్ దాకా దారి పడుతుంది.

"చెప్పమ్మా" అన్నాడు వామనరావు, బువ్వ కలిపి ముద్ద నోటికి అందించినట్టుగా.

బీరమ్మ గొంగడి మీంచి చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యిని రెండో చేతితో కలిపి మున్సిఫ్‌కు దండం పెట్టింది. చూసినవాళ్ళకు అది దండమే. దండం పెట్టిన చేతులు దించకుండానే చెప్పింది.

"తాగేటోడు దొరా. ఇంట్ల చుట్ట, మంద కాడ బీడీ."

వామనరావు నోరు తెరిచాడు. నా దగ్గర వేరే చెప్పావు కదమ్మా అన్నాడు. అప్పుడు యాదికి రాలేదంది. ముగ్గురికి ఇన్ని జొన్నలా అని మున్సిఫ్ పేష్కారు చేత అడిగించాడు. బీరప్ప పండుగ చేసినం, కులమంతా తిన్నరంది. మరి బాకీ?

"సావుకారి రాసింది నిజమే. అంతా మేమే తెచ్చినం, మేమే తిన్నం. బాకీ మాదే."

పేష్కారు ఉర్దూలోకి మార్చాడు. కలం కాగితం మీద గీరుకుంటూ పోయింది. ఖాకీ ఆఫీసరు మళ్ళీ తన కాగితంలోకి తల వంచాడు. లింగయ్య మాత్రం ఖాళీగా ఉన్న గొంగడి దిక్కే చూస్తున్నాడు. బుచ్చయ్య కూడా.

ఖర్చులతో సహా బుచ్చయ్యకు డిక్రీ అయింది. బయట వేపచెట్టు కింద వామనరావు కోపం పట్టలేకపోయాడు. గెలిచిన కేసును కాళ్ళతో తన్నుకున్నావమ్మా, నేను చదివిన చదువంతా నీ ఒక్క మాటతో బూడిదలో పోసినట్టయిందన్నాడు. బీరమ్మ తల వంచుకుని విన్నది. ఆయన కోపం న్యాయమైందే. మీ ఫీజుకు ఉన్ని పంపుతనంది. ఆయన విసురుగా చెయ్యి ఊపి పోయాడు.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పింది. ఈదమ్మ లేచి కోడలి తల మీద చెయ్యి వేసింది. "నేనైతే ఉన్నమాట చెప్పి ఉన్న ఒక్క కొడుకును పోగొట్టుకుందును. నాకు నోరే గాని తెలివి లేదు" అంది. ఆమె కోడలిని మెచ్చుకోవడం అదే మొదలు.

జప్తుకు కోర్టు మనిషి ఎప్పుడొస్తాడో అని ఎదురుచూశారు. కోర్టు మనిషి రాలేదు. ఒక పొద్దున బుచ్చయ్య ఒక్కడే నడిచి వచ్చాడు. దొడ్డి కాడ బీరమ్మ గొర్రెపిల్లలను తల్లుల నుంచి విడదీస్తున్నది. ఆయన దొడ్డి కంపకు ఇవతలే నిలబడ్డాడు.

"చెయ్యి ఎందుకు లేపినవు బిడ్డా?"

"నువ్వు చూసినవా సావుకారీ?"

"పుట్టినకాడి నుంచి మీ చేతులు చూసుడే గదా నా బతుకు. మున్సిఫ్ సాబ్ చూడకపోవచ్చు." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వు బాకీ లేదంటే సప్పుడు జెయ్యక ఇంటికి పోదును. ఉన్నదన్నవు, గెలిచిన. గెలిచిన కాడి నుంచి బువ్వ మింగవడుతలేదు. చెయ్యి లేపి అన్నమాట మీద మంద తోలుకపోతే నాకు తగలదా తెగులు?"

"తోలుకపోకపోతే నీ ఇల్లు పోతది గదా."

"పోతది" అన్నాడు బుచ్చయ్య.

గొర్రెపిల్ల ఒకటి వచ్చి బుచ్చయ్య పంచె అంచు నమిలింది. ఆయన దాన్ని అదిలించలేదు, అదిలించడం రాదు కూడా. చివరికి కింద కూచుని, గొంగడి తెప్పియ్యి, మళ్ళ చెప్పుకుందాం, కోర్టుల చెప్పింది కోర్టుల ఉండనీ అన్నాడు. ఈదమ్మ లోపలి నుంచి గుర్వయ్య గొంగడి తెచ్చి పరిచింది. దాన్ని ఆమె మూడేళ్ళుగా బయటికి తీయలేదు.

ముందు చెయ్యి పెట్టింది బుచ్చయ్యే. ఆయన ఇంట్లో ఎవరూ ఎన్నడూ చేయని పని అది.

"కోమటోని చెయ్యి గొంగడి మీద" అంది ఈదమ్మ. "బీరప్ప ఉలిక్కిపడతడు."

బుచ్చయ్య నవ్వలేదు. "గా సామాను ఎవలకు పోతుందో నాకు ఎరుకే. ఎరుకుండే ఇచ్చిన. మీరు దేలేదు, నేను ఇయ్యలేదు అనే పని లేదు. ఇద్దరం గలిసే పంపినం" అన్నాడు. చెయ్యి తీయలేదు.

అప్పుడు బీరమ్మ చెయ్యి పెట్టింది. ఈసారి రెండు చేతులూ పెట్టింది.

"ఇంటికి వాడుకున్నది మొత్తం మాది. గొర్లకు పెట్టిన ఉప్పు మాది. గుట్టకు పోయిందాంట్ల సగం మాది, మా ఇంటి మనిషి తిన్నడు గనుక. సగం నీది. బీరప్ప ఎరుక."

"బీరప్ప ఎరుక" అన్నాడు బుచ్చయ్య కూడా.

అయినా పోవలసినవి చాలానే పోతాయి. పొట్టేళ్ళన్నీ, ఈ ఏడు ఈనని గొర్రెల్లో ముప్పాతిక. పాలిచ్చేవాటిని తోలడానికి బుచ్చయ్య ఒప్పుకోలేదు. ఏరడం బీరమ్మే ఏరింది. చేతికి తగిలిన ప్రతిదాన్నీ ఆమె ఎరుగును, ఏది ఏ వానలో పుట్టిందో ఎరుగును. మంచివి తనకు, చెడ్డవి ఆయనకు పడకుండా జాగ్రత్తపడింది. తన పాలు సగం బేగంబజార్ షావుకారుకు కట్టడానికి తన భార్య మెడలోది తీస్తానని బుచ్చయ్య అన్నాడు. అది ఆయన పని, ఆమె అడగలేదు.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. ఏరిన గొర్రెలు బుచ్చయ్య వెంట కదలలేదు. ఆయన కర్ర పట్టుకుని హై హై అన్నాడు. అవి ఆయన్ను చూసి, తిరిగి బీరమ్మ చుట్టూ మూగాయి. కర్ర పట్టుడు కూడా తక్కెడ పట్టినట్టు పట్టాడని ఈదమ్మ అంది. ఇంకోసారి అదిలిస్తే చెదిరి దొడ్డి చుట్టూ పరుగెత్తాయి.

"నీతోని గాదు సావుకారీ. నేనే వస్త" అంది బీరమ్మ.

గుర్వయ్య గొంగడిని భుజాన వేసుకుని ఆమె ముందు నడిచింది. నాలుక మడిచి ఎప్పటి కూత తీసింది. గొర్రెలు మేతకు పోతున్నట్టే తలలు వంచుకుని ఆమె వెంట కదిలాయి. బుచ్చయ్య వెనక దుమ్ములో నడిచాడు. దారిలో ఎదురైన ఒక ముసలాయన, ఎటు తోలుతున్నవు బిడ్డా గుట్ట దిక్కు గాకుండా అని అడిగాడు. పేట దిక్కు మేత బాగున్నదట అని చెప్పింది. గొంగడి భుజం మీదే ఉంది. దాని మీద చెయ్యి లేదు.

బుచ్చయ్య ఇంటి వెనక పెరట్లోకి గొర్రెలు ఆమె వెంటే వచ్చాయి. కొత్త గోడలు, కొత్త వాసన. ఒకదానికొకటి ఒత్తుకుని బెదురుగా అరిచాయి. ఆమె పెరటి నడుమ గొంగడి పరిచింది. ముసలి గొర్రె ఒకటి ముందుకొచ్చి దాన్ని వాసన చూసింది, మోకాళ్ళు మడిచి పక్కనే పడుకుంది. దాన్ని చూసి ఒక్కొక్కటే వాలాయి.

"అమ్మేదాక గొంగడి ఈడనే ఉండనీ" అంది బుచ్చయ్యతో. "లేకుంటే తెల్లందాక అరుస్తయి. అమ్మినంక నేనే వచ్చి తీస్కపోత."

ఆయన తల ఊపాడు.

బీరమ్మ వాటికి కనబడకుండా గోడ పక్కగా జరిగి, తడిక తీసి బయటికొచ్చింది. దారి మలుపు కాడికి వచ్చేసరికి వెనక ఒకటి అరిచింది, తర్వాత ఇంకొకటి. వాటికి తెలిసిపోయింది. కూత నాలుక చివరికి వచ్చింది. ఆమె పళ్ళు బిగబట్టి, పాలిచ్చే గొర్రెలు ఎదురుచూస్తున్న దిక్కు నడిచింది.